బస్తా మూతి కాయలు

పెళ్ళిచూపుల రోజున మా మామగారు నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "మిరపకాయల మీద రాయడం కూడా ఒక ఉద్యోగమేనా అబ్బాయ్?"

"ఉద్యోగమేనండి. కాకపోతే కళ్ళు తుడుచుకుంటూ చెయ్యాలి" అన్నాను.

ఆయన నవ్వి పిల్లనిచ్చారు. నేనన్నది హాస్యం కాదని వాళ్ళమ్మాయికి కాపురానికొచ్చి నా చొక్కాలు ఉతికినప్పుడు తెలిసింది.

గుంటూరులో మిరప వ్యాపారం వాళ్ళ కోసం వచ్చే ఒక చిన్న పత్రికలో నా ఉద్యోగమంతా గడిచింది. యార్డులో ధరలు, కోల్డ్ స్టోరేజీల్లో నిల్వలు, ఏ దేశం వాడు ఏ రకం అడుగుతున్నాడు, ఇవీ మా వార్తలు. నా చదువు హైస్కూలు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లెక్కల మాస్టారు నన్ను వదిలించుకున్నారో, నేను ఆయన్ని వదిలించుకున్నానో ఇప్పటికీ తేలలేదు. ఇప్పుడు డిగ్రీలు చదివిన పిల్లలు ఈ పనిలోకి వస్తున్నారు. "బాబాయ్, మాకేమైనా చెప్పండి" అంటున్నారు. ప్రమోషన్ల సంగతి చెప్పలేను, వస్తే కదా! మేళాల సంగతి చెబుతాను. యార్డులో అబద్ధం నేల మీద కుప్పగా పడి ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. మేళాలో దానికి లైట్లు పెడతారు, కింద కార్పెట్ వేస్తారు, చేతికి ఒక సంచి ఇస్తారు. భయపడాల్సింది అక్కడ.

నాలుక, చెవి, ముక్కు

వైన్ మీద రాసే విలేఖరులు కూడా ఉంటారని ఒకసారి బెంగళూరు నుంచి వచ్చిన పాత్రికేయుడొకడు చెప్పాడు. గ్లాసులో పోయించుకుని, గుండ్రంగా తిప్పి, వాసన చూసి, నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేస్తారట. దానికి జీతం కూడా ఇస్తారట. మా పనీ దాదాపు అదే. తేడా ఏమిటంటే, మేం ఉమ్మేసినా మంట పోదు.

కొత్తగా వచ్చినవాళ్ళు చేసే మొదటి పొరపాటు, స్టాలు దగ్గరికి పోగానే కాయ కొరకడం. నాలుకని ముందు వాడినవాడికి ఆ రోజుకి మిగతా సరుకంతా ఒకటే. వాళ్ళు మధ్యాహ్నానికల్లా మజ్జిగ ఎక్కడ దొరుకుతుందని అడుగుతూ తిరుగుతుంటారు. మర్నాడు వాళ్ళ రాతలు చూడండి, అన్ని స్టాళ్ళదీ 'ఘాటైన సరుకే'.

ముందు చెవి. ఎండిన కాయని చెవి దగ్గర పెట్టుకుని తుంచాలి. టప్పుమంటే ఎండింది. మెత్తగా వంగిందంటే లోపల తేమ ఉంది. తర్వాత అరచేతిలో నలిపి రంగు చూడాలి. ఆ తర్వాత ముక్కు. బూజు కంటికి కనబడటానికి ముందే వాసనకి దొరుకుతుంది. కంటికి కనిపించే బూజుని కనిపెట్టడానికి విలేఖరి అక్కర్లేదు, బల్లి చాలు.

ఇంత చెప్పాను గానీ, నా ముక్కు సంగతి కూడా చెప్పాలి. కరోనా జ్వరం తగ్గాక నాకు వాసన తెలియడం మానేసింది. తిరిగొస్తుందన్నారు. వచ్చింది, మా ఊరి బస్సులాగా. ఒకరోజు కాఫీ వాసన ఘుమఘుమలాడేది. మర్నాడు పెనం మీద అట్టు మాడి పొగలొస్తున్నా నేను పేపరు చదువుకుంటూ ఉండేవాణ్ణి. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. కాయ చేతిలోకి తీసుకున్నప్పుడల్లా, ఈరోజు ముక్కు డ్యూటీకి వచ్చిందా లేదా అని ముందు దాన్నే పరీక్షించుకునేవాణ్ణి.

మా ఎడిటర్ గారు

మా ఎడిటర్ గారు ఒకప్పుడు కమీషన్ కొట్టులో గుమస్తా. నాకు నేర్పినవి రెండే మాటలు. "భోజనం పెట్టిన స్టాలు గురించి భోజనం అరిగాక రాయి" అన్నది మొదటిది. మేళాలో పెద్ద ఎగుమతిదారులు పెట్టే భోజనం మామూలుగా ఉండదు. మూడు రకాల బిర్యానీ తిన్న చేత్తో 'రంగు తక్కువ' అని రాయడానికి చేయి రాదు.

రెండోది, "'బాగుంది' అని రాయకు. ఎవరికి బాగుందో రాయి." పచ్చడికి పనికొచ్చే కాయ, కాయల్లోంచి రంగు తీసే ఫ్యాక్టరీవాడికి పనికిరాదు. రంగు తీసేవాడు మురిసిపోయే కాయతో మీ ఇంట్లో కారం కొట్టించుకుంటే కూర ఎర్రగా ఉంటుంది, అంతే.

ఆయన మంచివాడు. ధైర్యం కూడా ఉండేది. కాకపోతే ఆ ధైర్యం ప్రకటనల పేజీ దాకా వచ్చి అక్కడ చెప్పులు విప్పేసేది. ఈ మాట ఆయన ముందే అన్నాను, "జీతం ఆ పేజీలోంచే వస్తుంది, నువ్వూ విప్పు" అన్నారు. కొత్తవాళ్ళకి చెప్పేదేమిటంటే, యజమానిని తిట్టుకునే ముందు ఆయన దేనికి భయపడుతున్నాడో తెలుసుకోండి. సగం తిట్లు ఆదా అవుతాయి.

మూతి కాయలు

మేం మిరప బస్తాని టిక్కీ అంటాం. టిక్కీ మూతి దగ్గరుండే కాయ వేరు, కడుపులో ఉండే కాయ వేరు. కళ్ళంలో ఆడవాళ్ళని కూర్చోబెట్టి ఎర్రగా, పొడుగ్గా, తొడిమ చెదరకుండా ఉన్న కాయల్ని విడిగా ఏరిస్తారు. అవే మూతి కాయలు. రంగు పోయి తెల్లబడిన తాలు కాయలు అడుక్కి పోతాయి. దీన్ని మా వైపు మోసం అనరు. ఫొటో దిగేటప్పుడు జుట్టు దువ్వుకోమా, అంతే.

కొనేవాడికి ఈ సంగతి తెలుసు. అందుకే పైన చూసినదాంట్లోంచి ఒక మెట్టు మనసులోనే తగ్గించుకుంటాడు. వాడు తగ్గిస్తాడని అమ్మేవాడికీ తెలుసు, అందుకని ఇంకాస్త ఏరిస్తాడు. అమ్మేవాడు పెంచడం, కొనేవాడు తగ్గించడం, చివరికి ఇద్దరూ ఉన్నచోటికే వచ్చి నిలబడటం. ఏళ్ళ తరబడి ఇదే చూసి నా కళ్ళకి కూడా ఆ తగ్గింపు అలవాటైపోయింది. బజారులో వంకాయలు కొన్నా ఒక మెట్టు తగ్గించే చూస్తాను.

కరోనా సద్దుమణిగాక గుంటూరులో మిరప మేళా పెట్టారు. ప్రతి స్టాలు గురించీ ఒక్కో వాక్యం రాయడం నా పని. కొనేవాళ్ళు పొద్దున్నే ఆ వాక్యాలు చదువుకుని లోపలికొచ్చేవారు. అన్ని స్టాళ్ళలోనూ గాజు గిన్నెల్లో మూతి కాయలు తళతళలాడుతున్నాయి. చిట్టచివర, జనరేటరు పక్కన, పొదిలి దగ్గర్నుంచి వచ్చిన ఆడవాళ్ళ స్టాలు ఒకటి ఉంది. అక్కడ స్టీలు బేసిన్‌లో కాయలు పోసి ఉన్నాయి. పొడుగువి, పొట్టివి, మధ్యమధ్యలో తాలు. బేసిన్ వెనక నలభై దాటిన ఆవిడ నిలబడి ఉంది. పేరు కరుణమ్మ అంది.

"ఏమ్మా, తాలు కనబడతా ఉంది. ఏరుకోలేదా?" అన్నాను.

"ఏరలేదన్నా. టిక్కీ మధ్యలోంచి చాటెడు తీసుకొచ్చి పోశాం."

"మధ్యలోంచా! జుట్టు దువ్వుకోకుండా ఫొటోకి కూర్చున్నావు తల్లీ."

ఆమె నవ్వలేదు. "మూతి కాయలు ఏరేదే మా పనన్నా. అందరం ఒకే చర్చివాళ్ళం. ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ కళ్ళాల్లో కూర్చుని వాళ్ళ టిక్కీలకి ఏరాం. చేతి వేళ్ళు మండిపొయ్యేయి. ఇప్పుడు మేమే కలిసి కౌలుకి చేశాం. మన టిక్కీకి కూడా అదే పనా అనుకున్నాం."

"మరి అమ్ముడుపోకపోతే?"

"కౌలు వదిలేయటమే. మళ్ళా ఆ కళ్ళాల్లోకే" అంది. అని, ఒక తాలు కాయని చూపుడువేలితో పక్కకి జరిపి, మళ్ళీ తనే యథాస్థానంలోకి లాగింది.

అంతలో సుభానీ వచ్చాడు. ఉత్తరాది కారప్పొడి కంపెనీకి సరుకు కొనిపెట్టే మనిషి, నాకు యార్డులో పాతికేళ్ళ స్నేహం. ఒక కాయ తీసి చెవి దగ్గర తుంచాడు, "రకం మంచిదే" అన్నాడు, నడిచి వెళ్ళిపోయాడు. కరుణమ్మ ముఖం చూడలేక నేను అతని వెనకే పోయాను.

"ఏం సుభానీ, ఆగలేదే?"

"మూతే ఇట్టా ఉంటే కడుపు ఎట్టా ఉంటదో కోటయ్యా. మనకొద్దులే."

"అది కడుపులోదే అంటున్నారయ్యా."

"అందరూ అదే అంటారు."

"ఎవరంటారు? నీ జన్మలో ఎవరన్నా అన్నారా?"

సుభానీ నిలబడి ఆలోచించాడు. "అన్లేదు. అందుకే ఇంకా అనుమానంగా ఉంది."

నవ్వొచ్చింది గానీ లోపల పీకుతూనే ఉంది. నా కళ్ళు చేసిన పనీ అదే కదా! చూడగానే ఒక మెట్టు తగ్గించేశాయి. నిజం చెప్పినందుకు ఆ ఆడవాళ్ళు ఒక మెట్టు పోగొట్టుకున్నారు. సాయంత్రానికల్లా నేను వాక్యం ఇవ్వాలి. కంటికి కనబడింది రాస్తే 'తాలు ఉంది' అని రాయాలి, వాళ్ళ కౌలు అక్కడితో సరి. ఆమె చెప్పింది నమ్మి రాస్తే అది నా రాత కాదు, ఆమె పంచే కరపత్రం. దారి ఒకటే ఉంది.

తిరిగి స్టాలుకి పోయి, వెనకాల పెట్టుకున్న టిక్కీల్లో ఒకటి చూపించి "విప్పు" అన్నాను.

నేను అనుకున్నంత తేలిగ్గా ఆమె చేతులు కదల్లేదు. "విప్పమంటావా అన్నా?" అని గొంతు తగ్గించింది. "నా కాయ నాకు తెలుసు. అందరివీ కలిశాయి గదా. ఎవరన్నా పాత అలవాటు కొద్దీ ఎక్కువ తడిపి తొక్కి ఉంటే?"

ఆ భయం ఉత్తది కాదు. బాగా ఎండిన కాయని టిక్కీలో తొక్కితే పొడైపోతుంది, అందుకని కాస్త నీళ్ళు చల్లుతారు. ఆ కాస్త ఎంతో చల్లే చేతికే తెలియాలి. చెయ్యి ఎక్కువైతే లోపల బూజు పడుతుంది.

"నువ్వు విప్పకపోతే నేను రాయలేను" అన్నాను. ఆమె బ్లేడుతో కుట్టు తెంపింది.

మోచేయి దాకా చేయి దింపి గుప్పెడు కాయలు లాగాను. కంటికి బేసిన్‌లో కాయలకీ వీటికీ తేడా లేదు. చెవి దగ్గర టప్పుమన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. బూజూ లేదు, ఘాటూ లేదు, అసలు మిరపకాయ వాసనే లేదు. ఆరోజు ముక్కు సెలవు పెట్టింది.  కరుణమ్మ నా ముఖంలోకే చూస్తోంది. నేను తల ఊపితే సరిపోతుంది. ఊపాక రేపు లోపల బూజు తేలితే?

పక్క స్టాలు అద్దంకి వైపునుంచి వచ్చిన రత్తయ్యది. చుట్ట కాల్చినా చెడని ముక్కు అతనిది. "రత్తయ్యా, ఇట్రా. నాకు జలుబు చేసింది. ఇది కాస్త వాసన చూసి పెట్టు" అన్నాను.

రత్తయ్య గుప్పెడు కాయలు తీసుకుని దీర్ఘంగా పీల్చాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ పీల్చాడు. ఈసారి తనే చేయి ముంచి ఇంకో గుప్పెడు తీశాడు.

"ముక్కులో పెట్టుకుంటావా ఏంది?"

"ఉండవయ్యా!"

చివరికి కాయలు బస్తాలో పడేసి, "ఏం లేదులే. శుభ్రంగానే ఉంది" అన్నాడు.

"దానికి ఆ ఏడుపుముఖం దేనికి?"

"పక్కోడి సరుకు శుభ్రంగా ఉంటే ఊరంతా పప్పన్నం పెట్టమంటావా?"

ఒక్క వాక్యం

సాయంత్రం రాసిచ్చాను. 'పొదిలి మహిళల సరుకు: బేసిన్‌లో ఏముందో టిక్కీ లోపలా అదే, పొడి పట్టేవాళ్ళకి పనికొస్తుంది.'

ఎడిటర్ గారు చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది వేస్తే పేలుతుందయ్యా."

"పొగిడాను కదండీ, ఎవర్నీ తిట్టలేదు."

"అదే చెబుతున్నా. ఒక్కళ్ళనే పొగిడావు."

ఆయన కాసేపు ప్రకటనల పేజీ వైపు చూశారు. తర్వాత, "నాకు భయంగానే ఉంది. వెయ్యి" అన్నారు. ఆ ఒక్క రోజు ఆయన ధైర్యం చెప్పులతోనే లోపలికి పోయింది.

తిడితే ఒక్కడికే కోపం వస్తుంది, మెచ్చుకుంటే మిగతా అందరికీ వస్తుంది. మర్నాడు నేను మేళాలో అడుగుపెట్టేసరికి రత్తయ్య పేపరు చుట్టి కర్రలాగా పట్టుకుని ఉన్నాడు. వెనక ఓ పదిమంది.

"ఏందిరా కోటయ్యా ఇది? అంటే మా అందరివీ పైన ఒకటి, లోపల ఒకటా?"

"మీ గురించి నేనేం రాయలేదే!"

"రాయకపోవటమే రాయటం!"

"సరే, మీవీ విప్పండి. లోపలా అదే ఉంటే రేపు అందరికీ రాస్తాను" అన్నాను.

 ఒక్కడూ తన టిక్కీ వైపు చూడలేదు. అందరూ కరుణమ్మ వైపు తిరిగారు.

"నీకెందుకు తల్లీ ఈ గొడవ? నాలుగు మంచి కాయలు ఏరి పైన పోసుకో. అందరితో పాటు నువ్వూ. రేపు యార్డులో మా పక్కన టిక్కీ దించుకోవాల్సినదానివి" అన్నాడు వాళ్ళలో ఒకడు. మెత్తగానే అన్నాడు. అందుకే ఎక్కువ భయమేసింది.

టీ కొట్టు దగ్గర సుభానీ గ్లాసు పట్టుకుని చూస్తున్నాడు. ఆమె ఏరితే నా వాక్యం అబద్ధమైపోతుంది, సుభానీ ఇక ఇటు తిరిగి చూడడు. ఏరకపోతే వీళ్ళందరితోనూ పగ. కరుణమ్మ బేసిన్‌ని రెండు చేతులా పట్టుకుంది.  చెప్పకూడదని నోరు బిగబట్టుకున్నాను. విలేఖరికి సలహా ఇచ్చే పని లేదు. ఇది మీరూ గుర్తుంచుకోండి, చాలా కష్టం.

"ఏరతాను" అంది కరుణమ్మ. నా వాక్యం పోయిందనుకున్నాను. ఆమె ఇంకా పూర్తి చేయలేదు. "ఏరేది నా పనేగా అన్నా. కూలెంతిస్తారు?"

ఇద్దరు ముగ్గురు పకపకా నవ్వారు. నవ్వనివాళ్ళకి ఇంకా మండింది. ఆడమనిషి మీద అరవలేక రత్తయ్య నా మీదికొచ్చాడు. "నా ముక్కుతో వాసన చూయించుకుని నన్నే దొంగని చేస్తావా? ఏమన్నా దొరుకుద్దేమోనని మళ్ళా మళ్ళా చూశా ఆ టిక్కీని!"

సుభానీ టీ గ్లాసు కింద పెట్టి వచ్చాడు. "నువ్వు చూశావా రత్తయ్యా?"

"చూశా!"

"దొరికిందా?"

"దొరికితే ఊరుకుంటానా!" అన్నాక గానీ రత్తయ్యకి తానేమన్నాడో తెలియలేదు.

"అవునూ, ఈయన ముక్కేమైంది?" అన్నారు ఎవరో. అందరూ నా ముక్కు వైపు చూశారు. జీవితంలో దానికి అంత మర్యాద ఎప్పుడూ జరగలేదు. "జలుబు" అన్నాను. నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు.

సుభానీ నా జోలికి రాలేదు. "అమ్మేవాళ్ళు చెబితే నమ్మను. కోటయ్య రాస్తే సగం నమ్ముతా. పక్కోడు ఏడుస్తా చెబితే మొత్తం నమ్ముతా" అన్నాడు. కరుణమ్మతో, "మిగతా సరుకు యాడుందమ్మా?"

"పొదిలి కోల్డ్ స్టోరేజీలో."

"పద. అన్నీ విప్పుతా. తడి తగిలితే మాత్రం మాట లేదు."

"విప్పుకోండి" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళలో నిన్నటి భయమే ఉంది. అందరివీ కలిశాయి గదా.

ఫోను

వాళ్ళు కారులో పోయాక నేను ఆఫీసుకి వచ్చి ఫోను ముందర పెట్టుకుని కూర్చున్నాను. రాయాల్సిన వాక్యాలు చాలా ఉన్నాయి, ఒక్కటీ కదల్లేదు. నేను చూసింది ఒక్క టిక్కీ. అది కూడా అరువు ముక్కుతో. మిగతావి విప్పాక ఏం తేలుతుందో!

ఎడిటర్ గారు వచ్చి పక్కన కూర్చున్నారు. "నీకు వాసన తెలియదని నాకు తెలుసయ్యా" అన్నారు.

"ఎవరు చెప్పారండీ?"

"మా ఇంట్లో మాడిపోయిన పప్పు లొట్టలేసుకుంటూ తిన్నావు. మా ఆవిడ అప్పుడే చెప్పింది."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారు?"

"నీ ముక్కు పోయాకే నీ రాత బాగుపడింది. ఇంతకుముందు ఒకసారి పీల్చి రాసేసేవాడివి. ఇప్పుడు భయపడి పదిసార్లు చూస్తున్నావు" అన్నారు. అది మెప్పో మొట్టికాయో తేల్చుకోలేకపోయాను. ఆ తర్వాతి పంట యార్డుకి రాకముందే నేనే ఉద్యోగంలోంచి దిగిపోయాను. భయం ఉంటే మంచిదేగానీ, ప్రతిసారీ రత్తయ్యని ఎక్కడని వెతుక్కుంటాం?

పొద్దువాలుతుండగా ఫోను మోగింది. కరుణమ్మ.

"అన్నా, తీసుకున్నాడు."

"మొత్తమా?"

"ఒక్క టిక్కీ కడుపులో తడి తగిలింది. అది పక్కన పెట్టాడు. మిగతాదంతా తీసుకున్నాడు."

"ఎవరిదమ్మా ఆ తడిది?"

"ఎవరిదో ఒకరిది" అంది. నేను రెట్టించలేదు. వెనకాల ఆడవాళ్ళ మాటలు, లారీ వెనక్కి వస్తున్న చప్పుడు, ఎవరో ఎవర్నో "జరుగే" అని అరవడం వినిపిస్తున్నాయి.

"కౌలు నిలబడినట్టేగా? వచ్చే ఏడు మేళాకి కూడా మధ్యలోంచే తెచ్చి పోస్తావా?" అన్నాను.

"పోస్తామన్నా. ఇంక ఏరం."

లారీవాడికి ఏదో కేకేసి చెప్పి, మళ్ళీ ఫోనులోకి వచ్చింది. 

"పోస్తాంగానీ అన్నా, నువ్వు మాత్రం రాయమాక."